నాలుగు ఉతుకులకే వాసన మొదలైందా? యాంటీబాక్టీరియల్ కాటన్‌లో సమస్య - పరిష్కారం

నెల్లూరు ఎండలో తొడుక్కున్నా చెమట కంపు రాదని అమ్మిన గుడ్డ నెల తిరక్కుండానే కంపు కొడితే, మాట పడేది ఫినిషింగ్ చేసినవాడు. ముందు తేల్చుకోవాల్సింది: ఫినిషింగ్‌లో పెట్టిన, బ్యాక్టీరియాను చంపే మందు కొట్టుకుపోయిందా, ఉండి కూడా పనిచేయట్లేదా?

మందు క్వాటర్నరీ అమ్మోనియం (ధనావేశమున్న ఒక రసాయనం) రకమైతే తేల్చడం తేలికే. ఉతికిన ముక్క, ఉతకని ముక్క, మందు పెట్టని ముక్క మూడింటినీ వేడినీళ్లలో జాడించి బ్రోమోఫినాల్ బ్లూ అనే రంగునీళ్లలో ముంచి, మళ్లీ జాడించండి. మందున్న చోట నీలం నిలుస్తుంది. వెండి, జింక్ ఆక్సైడ్ మందులకు ఈ పరీక్ష పనికిరాదు.

రెండు మూడు ఉతుకులకే పోయింది
అసలు పట్టలేదన్నమాట. నెల్లూరు దగ్గరి పాటూరు లాంటి చోట మగ్గం గుడ్డకైతే పడుగుకు పెట్టిన గంజిని మొదట అనుమానించండి. మందు నూలుకు బదులు గంజికి అంటుకుని, దానితోపాటే పోతుంది. గంజి తీసి, సోడాతో ఉడకబెట్టాక నీటిచుక్క వేయండి. కొన్ని సెకన్లలో పీల్చుకోవాలి.

రెండో అనుమానం క్యూరింగ్, అంటే వేడితో మందును నూలుకు అతికించడం. సిట్రిక్ యాసిడ్‌తో కైటోసాన్ (రొయ్యల పొట్టు నుంచి తీసే మందు) పెట్టి దండెం మీద ఆరేస్తే ఎంత ఎండకైనా బంధం కుదరదు. బంధం కుదిర్చే ఉత్ప్రేరకంగా సోడియం హైపోఫాస్ఫైట్ కలిపి, ఆరాక 160 డిగ్రీల దగ్గర రెండు మూడు నిమిషాలు ఉంచాలి. గుడ్డే అంత వేడెక్కాలి, ఓవెన్ ముల్లు చూసి మోసపోవద్దు. వేడి మితిమీరితే గుడ్డ పసుపెక్కి, బలం తగ్గుతుంది. ఉత్త వేపాకు కషాయానికి నూలు మీద పట్టే లేదు. దాన్ని పదికాలాలు నిలుస్తుందని అమ్మడం నాకైతే తప్పనిపిస్తుంది.

నీలం నిలిచింది, వాసన మాత్రం ఆగలేదు
ఒంగోలు వైపు ఉప్పు బోరు నీళ్లకు సబ్బు తెట్టు కట్టి మందును కప్పేస్తుంది. సాఫ్ట్‌నర్‌దీ అదే పని. సబ్బు తగ్గించి, మంచినీళ్లలో బాగా జాడించండి. వెనిగర్ వేసి జాడిస్తే తెట్టు వదులుతుంది గానీ, సరిగా క్యూర్ కాని కైటోసాన్ కూడా అందులో కరిగిపోవచ్చు.

ఇస్త్రీ పెట్టగానే పసుపు
బ్లీచింగ్ పౌడర్ పని. కైటోసాన్‌లోని నత్రజని క్లోరిన్‌ను పట్టి ఉంచుతుంది. ఇస్త్రీకి ముందే క్లోరిన్‌ను తీసేసే హైపో (సోడియం థయోసల్ఫేట్) నీళ్లలో ముంచి తీయండి. క్లోరిన్‌ను పట్టుకుని దాంతోనే బ్యాక్టీరియాను చంపే హైడాంటాయిన్ రకం మందులకు మాత్రం ఇది తిరగబడుతుంది: వాటికి క్లోరినే మళ్లీ ప్రాణం పోస్తుంది.

'50 ఉతుకులు' అని చీటీ అంటించే ముందు ఏఏటీసీసీ (అమెరికా జౌళి పరీక్షల సంస్థ) వారి 61వ పరీక్ష, 2ఏ పద్ధతిలో పదిసార్లు ఉతికించండి. ఒక్కోటి ఇంట్లో అయిదు ఉతుకులకు లెక్క. తర్వాత వారిదే 100వ పరీక్షతో బ్యాక్టీరియా ఎంత తగ్గిందో చూపించమనండి.