పాత మానిటర్ కొనాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి

పాత ల్యాప్‌టాప్ కొనడం వేరు, పాత మానిటర్ కొనడం వేరు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ పోతే మార్చుకోవచ్చు, మెమరీ చాలకపోతే చాలా మోడళ్లలో పెంచుకోవచ్చు. మానిటర్‌లో ఖరీదంతా ప్యానెల్‌దే, అంటే బొమ్మ కనిపించే తెరదే. అది చెడిపోతే బాగుచేయించే ఖర్చుకు ఇంకో మానిటరే వస్తుంది. అందుకే నా మాట ఒక్కటే: అది వెలుగుతుండగా కళ్లారా చూడాలి, లేదా నచ్చకపోతే వెనక్కిచ్చే వీలుండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.

అలాగని సెకండ్ హ్యాండ్ వద్దే వద్దని అనను. ఆఫీసులు మూడు, నాలుగేళ్లు వాడి తీసేసిన డెల్ అల్ట్రాషార్ప్, లెనోవో థింక్‌విజన్, హెచ్‌పీ ఎలైట్‌డిస్‌ప్లే లాంటి మోడళ్లు నిజంగా మంచి బేరమే. వీటిలో చాలావాటికి ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం), ఎత్తు పెంచుకునే, తగ్గించుకునే స్టాండు ఉంటాయి. రోజంతా కూర్చుని పనిచేసేవాళ్ల మెడకు ఆ స్టాండు చేసే మేలు చిన్నది కాదు.

1. ముందు మీ అవసరం చూసుకోండి

24 అంగుళాల స్క్రీన్‌కు 1920 బై 1080 రిజల్యూషన్ (తెర మీద అడ్డంగా, నిలువుగా ఉండే పిక్సెళ్ల, అంటే చుక్కల లెక్క) సరిపోతుంది. 27 అంగుళాల మీద అదే రిజల్యూషన్ అంటే అంగుళానికి 82 పిక్సెళ్లే, అక్షరాల అంచులు గరుగ్గా కనిపిస్తాయి. 2560 బై 1440 అయితే 109 వస్తాయి, చదవడానికి హాయిగా ఉంటుంది.

పోర్టులు, అంటే కేబుల్ గుచ్చే చోట్లు, కూడా చూడాలి. పాతవాటిలో కొన్నింటికి వీజీఏ, డీవీఐ అనే పాతకాలపు పోర్టులు తప్ప ఏమీ ఉండవు. డీవీఐని మామూలు కేబుల్‌తో హెచ్‌డీఎంఐకి కలపొచ్చు, వీజీఏకి మాత్రం కన్వర్టర్ కొనాలి. పాత 4కే (3840 బై 2160) మానిటర్ అయితే హెచ్‌డీఎంఐ ఏ వెర్షనో అడగండి. 1.4 అయితే 4కేలో 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు బొమ్మ మారడం) దగ్గరే ఆగిపోతుంది, మౌస్ కదిపినా తడబడుతున్నట్టు ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉంటే 60 హెర్ట్జ్ వస్తుంది.

2. ‘రీఫర్బిష్డ్’ అంటే ఏం చేశారో అడగండి

వాడినదాన్ని సరిచేసి మళ్లీ అమ్మేదాన్ని ఇలా అంటారు, కానీ ఈ మాటకు అందరూ పాటించే కొలమానం లేదు. తయారీ కంపెనీయే పరీక్షించి వారంటీతో అమ్మేదీ రీఫర్బిష్డే, ఎవరో తుడిచి పెట్టెలో పెట్టినదీ రీఫర్బిష్డే. ఏం మార్చారు, వారంటీ ఎన్ని నెలలు, ఎన్ని చెడ్డ పిక్సెళ్లుంటే వెనక్కి తీసుకుంటారు, తిరిగి పంపే ఖర్చు ఎవరిది? ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ‘ఏ గ్రేడ్’, ‘బీ గ్రేడ్’ అనేవి ఎక్కువగా బాడీ మీది గీతల గురించి చెప్పేవే. ప్యానెల్ ఎంత అరిగిందో వాటిని బట్టి తెలియదు.

3. ఎన్ని గంటలు వెలిగిందో లెక్కేయండి

తయారైన తేదీ చాలావరకు వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. ఎల్ఈడీ బ్యాక్‌లైట్ (తెర వెనక నుంచి వెలిగే దీపాలు) వెలుగు సగానికి పడిపోవడానికి సాధారణంగా 30,000 నుంచి 50,000 గంటలు పడుతుందంటారు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు వాడితే 2,000 గంటలు. అంటే ఐదేళ్ల ఆఫీసు మానిటర్‌కు ఇంకా చాలా ఆయుష్షు ఉన్నట్టే. అదే కంట్రోల్ రూమ్‌లో రాత్రీపగలూ వెలిగినదైతే ఏడాదికే 8,760 గంటలు. కాబట్టి వయసుతో పాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. ఈజో లాంటి కొన్ని బ్రాండ్ల మెనూలో వాడిన గంటలు కనిపిస్తాయి. ఎల్ఈడీకి ముందుకాలపు సన్నని ట్యూబ్‌లైట్ల బ్యాక్‌లైట్ ఉన్నవాటి జోలికి వెళ్లకండి.

4. వెలిగించి చూడండి

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. మీ ల్యాప్‌టాప్, కేబుల్ వెంట తీసుకెళ్లండి. నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగుల్లో ఒక్కో రంగుతో నిండిన బొమ్మలు ముందే సిద్ధం చేసుకోండి.

వెళ్లగానే మానిటర్ వెనక చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే కాసేపు ఆపించండి. పవర్ సప్లైలో కెపాసిటర్లు (కరెంటును నిలవుంచే చిన్న భాగాలు) బలహీనపడితే చల్లగా ఉన్నప్పుడు ఆన్ అవడానికి మొరాయిస్తుంది, ఒకటికి రెండుసార్లు మినుకుమంటుంది. వేడెక్కాక అదే మానిటర్ బుద్ధిగా వెలుగుతుంది. ముందే ఆన్ చేసి ఉంచితే ఈ లోపం మీకు కనిపించదు.

ఆన్ అయ్యాక మెనూలోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మామూలు గదిలో కూడా బ్రైట్‌నెస్ 90 దాటిస్తే గానీ సరిగా కనపడకపోతే బ్యాక్‌లైట్ అయిపోవచ్చిందని అర్థం.

బూడిద రంగు తెర అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. నొక్కుడు మచ్చలు, పసుపు తిరిగిన అంచులు, ఎప్పుడూ ఒకేచోట ఉండే టాస్క్‌బార్ వదిలిన నీడ, అన్నీ దాని మీద బయటపడతాయి. ఆ నీడ ఐపీఎస్ మీద చాలాసార్లు కొంతసేపటికి పోతుంది, ఓఎల్ఈడీ (బ్యాక్‌లైట్ లేకుండా ప్రతి పిక్సెల్ తనే వెలిగే రకం) మీద ముద్ర పడితే పోదు. నలుపు తెర పెట్టినప్పుడు గదిలో లైటు ఆర్పండి, మూలల నుంచి వెలుగు ఎంత కారుతోందో తెలుస్తుంది.

మూలన ఒక్క పిక్సెల్ చచ్చిపోయి ఉంటే దాన్ని చూపించి ధర తగ్గించమనొచ్చు. నిలువు గీత కనిపిస్తే మాత్రం, అది వెంట్రుకంత సన్నగా ఉన్నా, ఫ్రేమ్ మీద తడితే పోయినా, వద్దనేయండి. ప్యానెల్ అంచున ఉండే కనెక్షన్లు వదులవుతున్నాయనడానికి అది గుర్తు. అలాంటి గీతలు పెరుగుతాయే తప్ప తగ్గవు.

తర్వాత బ్రైట్‌నెస్ 20కి తగ్గించి ఫోన్ కెమెరాలోంచి తెరను చూడండి. నల్లటి పట్టీలు కదులుతుంటే బ్యాక్‌లైట్ వేగంగా ఆరి వెలుగుతోందన్నమాట. తలనొప్పి త్వరగా వచ్చేవాళ్లు అలాంటిది తీసుకోకపోవడమే మంచిది. ఇవన్నీ అయ్యాక ఒక అరగంట వెలగనిచ్చి మళ్లీ చూడండి. చివర్లో ఆపేసి టార్చ్ వెలుతురు ఏటవాలుగా వేస్తే గీతలూ, ఘాటు ద్రావకాలతో తుడిచినందువల్ల కోటింగ్ లేచిన మచ్చలూ కనిపిస్తాయి.

5. ధర ఎంతలో ఉండాలి?

ఇలాంటి స్పెసిఫికేషన్లున్న కొత్త మానిటర్ ధరతోనే పోల్చండి. ఆ మోడల్ మొదట ఎంతకు అమ్మారో ఇప్పుడు అనవసరం. స్టాండు, కేబుల్, పవర్ అడాప్టర్ లేకపోతే వాటి ఖర్చు ధరలోంచి తీసేయండి. వారంటీ లేనిదానికి కొత్త ధరలో సగానికి మించి పెట్టను. కంపెనీయే ఏడాది వారంటీ ఇస్తే 70 శాతం దాకా వెళ్లొచ్చు. తేడా అంతకన్నా తక్కువైతే కొత్తదే కొనండి. ఫొటోలు, ప్రింటింగ్ లాంటి రంగుల పని మీద బతికేవాళ్లు కూడా కొత్తదే తీసుకోవాలి.

కొన్నాక నిలబెట్టే తీసుకెళ్లండి, తెర మీద ఏ బరువూ ఆనకూడదు. ఇంటికి చేరిన రోజే ఆ ఆరు రంగులూ మళ్లీ వేసి చూసుకోండి, వాపసు గడువు దాటకముందే.