ట్యూబ్ ఆంప్‌లో గుర్రుమంటోందా? విప్పకముందే ఇది చూడండి

ట్యూబ్ ఆంప్‌కి (గాజు ట్యూబులతో ధ్వనిని పెంచే పెట్టె) పెట్టిన హెడ్‌ఫోన్‌లో పాట నెమ్మదించినప్పుడల్లా సన్నగా "మ్‌మ్" అనే మోత, అంటే హమ్, వినిపిస్తే వినే సరదా అంతా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పాడైందని తేల్చేసే ముందు ఈ పని చేయండి.

ఆంప్ ఆన్ చేసి, ట్యూబులు వేడెక్కేదాకా ఐదు నిమిషాలు ఆగండి. వాల్యూమ్ సున్నాకి తెచ్చి ఇన్‌పుట్ కేబుల్ పీకేయండి. హమ్ ఆగిపోయిందంటే ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోనక్కర్లేదు. చాలాసార్లు అది పాట వస్తున్న కంప్యూటర్‌తో ఏర్పడిన ఎర్త్ లూపే, అంటే రెండింటి ఎర్త్ తీగలూ కేబుల్ ద్వారా కలిసి ఏర్పడిన వలయం. కేబుల్ మళ్లీ పెట్టి, వాల్యూమ్ మామూలుగా ఉంచి, ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి. నిశ్శబ్దమైతే దొంగ దొరికినట్టే. ఇక ఆంప్‌నీ, చార్జర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చి చూడండి, చాలావరకు తగ్గుతుంది. పక్కనున్న అడాప్టర్లనీ ఓ అడుగు దూరం జరపండి.

కేబుల్ పీకినా హమ్ అలాగే ఉంటే లోపల ట్యూబో, కెపాసిటరో (కరెంటు నిల్వ చేసే భాగం) చూడాలి. హెడ్‌ఫోన్‌లో కాక పెట్టెలోంచే మోత వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ అదురు, ఈ చిట్కాకి లొంగదు. రెండింటికీ మెకానిక్కే దిక్కు: ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. హమ్ పోతుందని ఎవరైనా చెప్పినా ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం తీయకండి.