చవితి పందిరి నుంచి దీపావళి దాకా: పిరికి కుక్క ఉన్న ఇంట్లో జాగ్రత్తలు

మా మల్లి వీధిలో పుట్టిన కుక్క. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి ఇంట్లోకి తెచ్చుకునేసరికి దానికి ఏడాది వయసుంటుంది. లిఫ్ట్ తలుపు చప్పుడుకే మంచం కిందికి దూరేది. మొదటి దీపావళికి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నాలుగు టపాసులు వింటే అదే అలవాటవుతుందిలే" అనుకుని సాయంత్రం ఏడింటికి కిందికి తీసుకెళ్లాను. పక్క బిల్డింగ్ పిల్లలు లక్ష్మీ బాంబు పేల్చారు. మెడ బెల్టులోంచి తల వెనక్కి లాక్కుని ఒకటే పరుగు. మర్నాడు మధ్యాహ్నం, రెండు వీధుల అవతల, ఓ కారు కింద దొరికింది.

అలవాటు చెయ్యాల్సింది పండగకు ముందు వారాల్లో. పండగ రోజు చెయ్యాల్సింది కాపాడుకోవడం ఒక్కటే. ఈ రెండూ కలిపితే నాకు జరిగిందే జరుగుతుంది.

మన పండగల వరుస ఇందుకు కొంత కలిసొస్తుంది. భాద్రపదంలో వినాయక చవితికీ, ఆశ్వయుజ అమావాస్యకీ మధ్య దాదాపు 8 వారాలు. ముందు పందిళ్ల మైకులు, ఆ తర్వాత నిమజ్జనం డప్పులు, డీజేలు, చివరికి టపాసులు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఆషాఢంలో బోనాల డప్పులప్పుడే తమ కుక్క ఎంత భయస్తురాలో తెలిసిపోతుంది. అప్పుడు మొదలుపెడితే తొందర ఉండదు. దీపావళి ఇంకో వారం ఉందనగా మొదలుపెట్టడం మాత్రం వద్దు. ఆ ఏడాదికి శబ్దాల అభ్యాసం మానేసి, కింద చెప్పే రక్షణ ఏర్పాట్లు మాత్రం చూసుకోండి.

శబ్దాలు ఎలా అలవాటు చెయ్యాలంటే, ఫోన్‌లో టపాసుల చప్పుడు పెట్టి, సౌండ్ బాగా తగ్గించండి. మనకే సరిగ్గా వినపడనంత తగ్గించినా పర్వాలేదు, దాని చెవులు మనకన్నా చురుకు. మనిషికి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకు దాదాపు 45,000 దాకా వినిపిస్తుంది. చప్పుడు వచ్చిన వెంటనే ఉడికించిన చికెన్ ముక్క. చప్పుడు ఆగితే ముక్కలూ ఆగాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. రెండు మూడు రోజులు హాయిగా తింటే సౌండ్ ఒక్క గీత పెంచండి. ముక్క తీసుకోకుండా మొహం తిప్పుకుందంటే మీరు తొందరపడ్డారని అర్థం, వెనక్కి తగ్గండి. కుక్క భయాన్ని కొలవడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. ఇష్టమైన తిండి కూడా ముట్టడం లేదంటే ఆ చప్పుడు దానికి ఎక్కువైనట్టే, లేదా కొత్త మనిషెవరో మరీ దగ్గరగా ఉన్నట్టే.

వణకడం, తోక కాళ్ల మధ్య పెట్టుకోవడం అందరికీ కనిపిస్తాయి. అంతకు ముందే వచ్చే గుర్తులు మనం చూడం. నిద్ర టైం కాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, తల కదపకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, చల్లటి పూట ఒగర్చడం. ఇవి కనిపించగానే దాన్ని పక్కకు తీసుకెళ్లిపోవాలి.

ఇక మనుషులు. మా ఇంట్లో టపాసుల కన్నా ఇదే పెద్ద తలనొప్పి. పండగంటే చుట్టాలు, చుట్టాలంటే పిల్లలు, వాళ్ల వెనకే "నాకు కుక్కలంటే ఇష్టం, ఏం చెయ్యదులే" అంటూ మీదికి వంగే బాబాయ్. కుక్కపిల్ల మూడు వారాల నుంచి మూడు నెలల వయసు దాకా చూసినవాటిని సులువుగా తనవిగా చేసుకుంటుంది. ఆ వయసు దాటిపోయిన కుక్కకు కొత్త మనిషి అంటే నిదానంగా, ఒక్కొక్కరుగా పరిచయం కావాలి. పండగకు ముందు వారానికి ఒకరిని పిలవండి. వచ్చినవాళ్లు పక్కకు తిరిగి కూర్చోవాలి. కళ్లలోకి చూడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, నెత్తి మీద చెయ్యి వెయ్యకూడదు. ముక్కలు దాని వెనక్కి విసిరితే అది తిని, తనంతట తానే మళ్లీ వస్తుంది. చేతిలో పెట్టుకుని ఆశ చూపితే తిండి కోసం వచ్చి, తినేశాక ఎదురుగా మనిషిని చూసి హడలిపోతుంది. మా మల్లి మా అత్తయ్య దగ్గరికి రావడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. బాబాయ్ దగ్గరికి ఇప్పటికీ వెళ్లదు, వెళ్లకపోయినా కొంప మునగదు.

పండగ రోజు చుట్టాలు వచ్చేముందే దాన్ని లోపలి గదిలో పెట్టి తలుపు వేసెయ్యండి. మంచం కింద దాక్కున్న కుక్కను కాళ్లు పట్టి లాగితే ఎంత సాధువైనా కరుస్తుంది. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాలి. కరిస్తే ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఇంటి కుక్కే కదా అనుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రేబిస్ టీకా తేదీ పండగ ముందే ఒకసారి చూసుకోండి.

ఆ గది ఎలా ఉండాలంటే, వీధి వైపు కిటికీ లేనిదైతే మంచిది. బాత్రూమే దొరికినా సరే. పాత దుప్పటి, మీరు కట్టి విడిచిన లుంగీయో చీరో, నీళ్లు, ఫ్యాన్ హోరు, టీవీ. నిబంధనల ప్రకారమే పేలినచోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాకా మోగే టపాసు అమ్ముకోవచ్చు, అందుకే తలుపు ఒక్కటీ వేస్తే సరిపోదు. రాత్రి 8 నుంచి 10 దాకా మాత్రమే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, మన వీధిలో గడియారం ఎవరు చూస్తారు? చీకటి పడకముందే, నాలుగున్నరకల్లా బయట తిప్పి తెచ్చెయ్యండి. మెడ బెల్టు ఒక్కటే నమ్మొద్దు. ఛాతీకి తొడిగే హార్నెస్ కూడా వేసి, రెండింటికీ తాడు కట్టండి. బెల్టు మీద మీ ఫోన్ నంబర్ ఉండాలి.

భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా పెరుగుతుందని కొందరు చెప్తారు. అది నిజం కాదు. వచ్చి ఒళ్లో దూరితే నిమరండి. రాకపోతే దాని మూల దానికి వదిలెయ్యండి.

వణుకు ఆగక, తిండి మాని, గోడలు గీరే కుక్కలకు మందు అవసరమే, అందులో తప్పేం లేదు. కాకపోతే పశువైద్యుణ్ని నెల ముందే కలవండి, ఇచ్చిన మాత్రను మామూలు రోజున ఒకసారి వేసి ఎలా ఉందో చూడమని ఆయనే చెప్తారు. కొన్ని మత్తు మందులు ఒళ్లు కదలకుండా చేస్తాయి తప్ప భయం తగ్గించవు, ఆ సంగతి అడిగి తెలుసుకోండి. మన ఇంట్లో ఉన్న పారాసెటమాల్, నిద్రమాత్రలు అసలు వద్దు. సేమ్యా పాయసంలో కిస్‌మిస్, చుట్టాలు తెచ్చిన చాక్లెట్ డబ్బా, ఉల్లిపాయ వేసిన కూరలు కూడా కుక్కకు విషమే.

అమావాస్య దాటిందని తలుపులు తీసెయ్యకండి. కోస్తా వైపు నాలుగో రోజు నాగుల చవితికి మిగిలిన టపాసులన్నీ కాలుస్తారు. పైగా తెల్లారి వీధి నిండా పేలని బాంబులు, చిట్లిన మందు కాగితాలు. కుక్క వాటిని వాసన చూసి నాకుతుంది. ఆ వారం రోజులు తాడు పొట్టిగా పట్టుకోండి.