ఎల్క్ సీజన్‌కు ముందు: బుల్లెట్ ఎంచుకునేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

కొలరాడోలో అక్టోబర్ మధ్యలో మొదటి రైఫిల్ సీజన్ మొదలవుతుంది. ఎల్క్ (జింక జాతికి చెందిన పెద్ద జంతువు) ట్యాగ్, అంటే ఒక ఎల్క్‌ను వేటాడే అనుమతి, చేతికి వచ్చినవాళ్ళు బూట్లు, జాకెట్టు, బైనాక్యులర్ల గురించి వారాల తరబడి ఆలోచిస్తారు. తూటాల పెట్టె మాత్రం బయల్దేరే ముందు రోజు దుకాణంలో ఏది మిగిలితే అది తెచ్చుకుంటారు. కొండెక్కాక జంతువును తాకేది ఆ పెట్టెలోని వస్తువే.

తెలుగులో తూటా అన్నా బుల్లెట్ అన్నా ఒకటే అనుకుంటాం. ఇక్కడ మాత్రం తూటా అంటే ఇత్తడి కేసు, మందు, మందును అంటించే క్యాపు, ముందున్న లోహపు మొన అన్నీ కలిసిన మొత్తం వస్తువు. బుల్లెట్ అంటే బారెల్ లోంచి బయటికి దూసుకెళ్ళే మొన ఒక్కటే. దాని బరువును గ్రెయిన్లలో చెబుతారు. 7000 గ్రెయిన్లు ఒక పౌండు, అంటే 150 గ్రెయిన్లు సుమారు 9.7 గ్రాములు.

తూటా కొనే ముందు కాగితాలు

హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు అమెరికాలో తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో అందరికీ అందేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. లైసెన్సు గడువు ముగిస్తే దాని వల్ల వచ్చిన మినహాయింపూ పోతుంది. మార్చిలో గడువు తీరిన లైసెన్సుతో గరాజ్‌లో మిగిలిపోయిన అర పెట్టె తూటాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. స్నేహితుడి రైఫిల్ అరువు తెచ్చుకున్నా ఇదే వర్తిస్తుంది. అనుమానం ఉంటే కొనే ముందే ఇమిగ్రేషన్ లాయరును అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ వీసా నిషేధం వర్తించదు.

ఆ తర్వాత రాష్ట్ర నిబంధనలు. కొలరాడోలో రైఫిల్ క్యాలిబర్ (బారెల్ రంధ్రం వెడల్పు) కనీసం 24, అంటే 6 మిల్లీమీటర్లు ఉండాలి. బుల్లెట్ వ్యాకోచించే రకమే అయ్యుండాలి. బరువు జింకకు కనీసం 70 గ్రెయిన్లు, ఎల్క్‌కు 85. తయారీదారు లెక్క ప్రకారం 100 గజాల దగ్గర కనీసం 1000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకూ సీసం ఉన్న తూటా వాడకూడదు. సీసం ముక్కలున్న కళేబరాలు తిని కాండర్ రాబందులు చనిపోవడమే ఆ చట్టానికి ప్రధాన కారణం. ఏ రాష్ట్రమైనా, నిరుటి పుస్తకం కాకుండా ఈ ఏటి నియమావళి దగ్గర పెట్టుకోండి.

చట్టం ఒప్పుకుంది కదా అని 243 విన్‌చెస్టర్ (ఇలాంటివి తూటా రకాల పేర్లు) లో 85 గ్రెయిన్ల బుల్లెట్ పెట్టుకుని ఎల్క్ మీదికి వెళ్ళవద్దు. మగ ఎల్క్ సుమారు 320 కిలోలు, ఆడది 225 కిలోలు తూగుతుంది. మన అడవుల్లో కణుజును చూసినవాళ్ళు దానికన్నా ఒక మెట్టు పైన ఊహించుకోవచ్చు. జబ్బ దగ్గర మందపాటి కండ, దాని కింద వెడల్పాటి ఎముక, ఆ వెనకే ఊపిరితిత్తులు. చట్టం చెప్పే కనీసం జరిమానా తప్పించుకోవడానికే, ఆ కండను దాటడానికి సరిపోదు.

వేగం తగ్గితే బుల్లెట్ విచ్చుకోదు

సీజన్ ముందు చేసే తప్పుల్లో పెద్దది క్యాలిబర్ గురించి వాదించుకుని బుల్లెట్ సంగతి వదిలేయడం. వేట బుల్లెట్ మొన మెత్తగా ఉంటుంది. నీరు నిండిన కండను అది వేగంగా తాకినప్పుడు ఎదురొచ్చే ఒత్తిడికి మొన వెనక్కి విచ్చుకుని పుట్టగొడుగులా అవుతుంది. గాయం వెడల్పయ్యేది దానివల్లే. తాకే వేగం తగ్గితే అది విచ్చుకోకుండా సూదిలా దూరి అవతలికి పోతుంది. జంతువు మైళ్ళ దూరం నడిచి, దొరక్కుండా చస్తుంది.

సీసం గుండె ఉన్న మామూలు బుల్లెట్లకు తాకే చోట సెకనుకు 1800 అడుగుల వేగం, పూర్తి రాగివాటికి 2000 అడుగులు ఉండాలన్నది మోటు లెక్క. కచ్చితమైన అంకెను తయారీదారే ప్రకటిస్తాడు, దాన్నే నమ్మండి. ఇప్పుడు 308 విన్‌చెస్టర్‌లో 150 గ్రెయిన్ల రెమింగ్టన్ కోర్-లాక్ట్ అనే మామూలు సీసం బుల్లెట్ తీసుకోండి. బారెల్ నోటి దగ్గర సెకనుకు 2820 అడుగుల వేగం. 100 గజాల దగ్గర 2533, 200 దగ్గర 2263, 300 దగ్గర 2009, 400 దగ్గర 1774. అంటే 400 గజాలకు వచ్చేసరికి ఆ బుల్లెట్ పనిచేసే హద్దు దాటిపోయింది. స్కోప్‌లో జంతువు స్పష్టంగా కనబడుతుంది, గురీ కుదురుతుంది, అయినా బుల్లెట్ తన పని చేయదు. ఈ తూటాకు హద్దు 300 గజాలే.

6.5 క్రీడ్‌మూర్‌లో 143 గ్రెయిన్ల హోర్నడీ ఈఎల్‌డీ-ఎక్స్ 2700 దగ్గరే బయల్దేరుతుంది. అయినా సన్నగా పొడవుగా ఉండడం వల్ల గాలి దాన్ని తక్కువగా ఆపుతుంది. 400 గజాల దగ్గర ఇంకా 2150 చిల్లర మిగిలి ఉంటుంది. మొదట్లో వెనకబడింది చివర్లో ముందుంటుందన్నమాట. పెట్టె వెనక అచ్చేసిన పట్టికలో ఈ అంకెలు ఉంటాయి. మీ తూటా వేగం హద్దు కంటే కిందికి దిగే దూరం దగ్గర పెన్నుతో గీత గీసి, ఆ అంకెను రైఫిల్ బట్ (భుజానికి ఆనించే భాగం) మీద టేపు అంటించి రాసుకోండి. అంగడిలో కొన్నప్పుడు గుర్తుండేది కొండ మీద రొప్పుతున్నప్పుడు గుర్తుండదు.

మరీ వేగమైతే ఇంకో చిక్కు. 300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌లో 150 గ్రెయిన్ల మామూలు మెత్తమొన బుల్లెట్ 3200 అడుగులు దాటిన వేగంతో వెళుతుంది. దట్టమైన చెట్లలో 40 గజాల దూరంలో ఎల్క్ జబ్బకు తగిలితే లోపలికి దూరకుండా ఎముక మీదే చిట్లిపోవచ్చు. పైన భయంకరమైన గాయం, లోపల ఊపిరితిత్తులు క్షేమం. జింకైతే చచ్చిపోతుంది గానీ ముందు జబ్బలు రెండూ నెత్తురు గడ్డలయిపోయి మాంసం పారేయాలి. అందుకే మ్యాగ్నమ్ ఉన్నవాళ్ళకే గట్టి బుల్లెట్ అవసరం ఎక్కువ.

ఏ రకం దేనికి

రాగి తొడుగులో సీసం పోసిన మామూలు మెత్తమొన బుల్లెట్ జింకకు చాలు. కోర్-లాక్ట్ 1939 నుంచి ఉంది, చవక, ఇప్పటికీ పనిచేస్తోంది. జింక కోసం పెట్టెకు రెట్టింపు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఎల్క్‌కు మాత్రం సీసం తొడుగు నుంచి విడిపోని రకం కావాలి. దీనికి మూడు దారులున్నాయి. నోస్లర్ పార్టిషన్‌లో సీసానికి మధ్యన రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకుని చెదిరినా వెనక సగం అలాగే లోపలికి వెళుతుంది. జాన్ నోస్లర్ 1946లో బ్రిటిష్ కొలంబియాలో బురద పట్టిన మూస్ (ఎల్క్ కన్నా పెద్ద జింక) మీద తన బుల్లెట్లు దూరకపోవడం చూసి ఈ ఆలోచన చేశాడు, 1948లో అమ్మకం మొదలుపెట్టాడు. రెండోది బాండెడ్: సీసాన్ని తొడుగుకు అతికించేస్తారు. నోస్లర్ అక్యూబాండ్, ఫెడరల్ ఫ్యూజన్ ఈ తరహావి. మూడోది బార్న్స్ టీటీఎస్ఎక్స్ లాంటి పూర్తి రాగి. ఇది రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు కోల్పోదు, చాలా లోతుకు పోతుంది.

రాగి సీసం కన్నా తేలిక. అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది. అందువల్ల రాగి తీసుకునేటప్పుడు ఒక మెట్టు బరువు తగ్గించడం మంచిది: 180 బదులు 165 లేదా 168, 150 బదులు 130. వేగం పెరుగుతుంది, రాగికి కావలసిందీ అదే.

మ్యాచ్ అని రాసి ఉన్న పోటీ బుల్లెట్లు కాగితానికి పెట్టే చిల్లు కోసం చేసినవి. మొన దగ్గర కనిపించే సన్నటి రంధ్రం విచ్చుకోవడానికి కాదు, తయారీలో మిగిలినది. ఒకసారి చిట్లుతాయి, ఇంకోసారి సూదిలా దూరిపోతాయి. ఫుల్ మెటల్ జాకెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది విచ్చుకోదు కాబట్టి వ్యాకోచించే బుల్లెట్ కావాలన్న చోట చట్టవిరుద్ధం కూడా.

బరువుల విషయంలో మా సలహా ఇది. 243 విన్‌చెస్టర్: జింకకు 95–100 గ్రెయిన్లు, ఎల్క్‌కు వద్దు. 6.5 క్రీడ్‌మూర్: జింకకు 140–143, ఎల్క్‌కు బాండెడ్ లేదా రాగి పెట్టి 300 గజాల లోపు. 270 విన్‌చెస్టర్: జింకకు 130, ఎల్క్‌కు 140–150 బాండెడ్. 308, 30-06 రెండింటికీ జింకకు 150–165, ఎల్క్‌కు 165–180. 300 మ్యాగ్నమ్ వెనక్కి తన్నే దెబ్బకు కళ్ళు మూసుకుపోయేవాళ్ళు దాన్ని ఇంట్లో పెట్టి 308 తీసుకెళ్ళడమే మేలు. ఊపిరితిత్తుల్లో పడ్డ 165 గ్రెయిన్లు, పొట్టలో పడ్డ 200 గ్రెయిన్ల కన్నా ఎక్కువ.

రైఫిల్‌కు నప్పుతుందా

బారెల్ మీద చెక్కిన పేరు, పెట్టె మీది పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. 270 విన్‌చెస్టర్, 270 విన్‌చెస్టర్ షార్ట్ మ్యాగ్నమ్ వేర్వేరు. 300 బ్లాకవుట్ తూటా 223 రైఫిల్‌లో కొన్నిసార్లు సరిగ్గా అమరినట్టే కూర్చుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ పేలిపోతుంది. కాల్చే బల్ల మీద ఒక సమయంలో ఒకే రకం తూటాలు ఉంచండి.

30-30 లాంటి లివర్ రైఫిళ్ళలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. మొన గట్టిగా, వాడిగా ఉంటే ముందున్న తూటా క్యాపును పొడిచి లోపలే పేల్చవచ్చు. వాటికి బల్లపరుపు మొన బుల్లెట్లే వాడాలి, లేదా ఆ గొట్టం కోసమే చేసిన మెత్తని ప్లాస్టిక్ మొన హోర్నడీ ఎఫ్‌టీఎక్స్.

పొడవాటి బుల్లెట్ నిలకడగా తిరగాలంటే బారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే గాళ్ళ మెలిక బిగువుగా ఉండాలి. పాత రైఫిళ్ళలో చాలావాటికి ఆ బిగువు ఉండదు. కాగితం మీద గుండ్రటి చిల్లు బదులు కోలగా, తాళంచెవి రంధ్రంలా పడితే బుల్లెట్ పల్టీలు కొడుతోందని అర్థం. ఆ తూటా మీ రైఫిల్‌కు పనికిరాదు, ఎంత ఖరీదైనదైనా సరే.

సీజన్‌కు ఆరు వారాల ముందే ఒకే లాట్ నంబరున్న (ఒకే విడతలో తయారైన) మూడు పెట్టెలు, అంటే 60 తూటాలు కొనండి. లాట్ మారితే మందు కొంచెం మారుతుంది. రాగి బుల్లెట్‌కు మారుతుంటే బారెల్‌లో పేరుకున్న పాత లోహాన్ని రాగి కరిగించే ద్రావకంతో పూర్తిగా తుడిచాకే మొదలుపెట్టండి, లేకపోతే కాగితం మీద చిల్లులు ఒకచోట పడకుండా చెదిరిపోతాయి. తప్పు బుల్లెట్‌ది అనుకుంటారు. బ్రాండ్ గానీ బరువు గానీ మారితే 100 గజాల దగ్గర రెండు మూడు అంగుళాలు పక్కకు పడడం మామూలే. కాబట్టి వేటకు తీసుకెళ్ళే తూటాతోనే జీరో చేయాలి, అంటే ఒక దూరానికి స్కోప్ గురి సరిచేయాలి, చవక తూటాతో జీరో చేసి ఖరీదైనది జేబులో వేసుకోవడం కుదరదు. 30-06లో 180 గ్రెయిన్లను 200 గజాలకు జీరో చేస్తే 100 దగ్గర సుమారు రెండు అంగుళాలు పైన, 300 దగ్గర ఎనిమిది అంగుళాలు పైచిలుకు కింద పడుతుంది. దీన్ని కాగితం మీద నమ్మకుండా 300 గజాల దగ్గర కాల్చి చూడండి. మూడు వేర్వేరు రోజుల్లో చల్లటి బారెల్‌తో మొదటి గుండు ఎక్కడ పడుతుందో కూడా రాసుకోండి. ఎల్క్ మీద కాల్చేది ఎప్పుడూ ఆ మొదటి గుండే.

కొండ మీద

జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడు, ముంగాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి. ఏటవాలుగా ఉంటే అవతలి ముంగాలు ఎక్కడుందో ఊహించి అక్కడికి బుల్లెట్ చేరేలా కాల్చాలి. వెనక నుంచి కాల్చకండి.

బాండెడ్, రాగి బుల్లెట్లు తరచూ అవతలికి దాటిపోతాయి. ఎల్క్‌లు గుంపుగా ఉంటాయి. మీ ట్యాగ్ ఒకటే, వెనక మరో ఎల్క్ నిలబడి ఉంటే కాల్చకుండా ఆగాలి. గుట్ట శిఖరం మీద ఆకాశం నేపథ్యంలో కనబడే జంతువు మీద అసలే వద్దు. 30-06 బుల్లెట్ మూడు మైళ్ళ దాకా వెళ్ళగలదు.

బాగా తగిలినా ఎల్క్ చాలాసార్లు ఏమీ జరగనట్టే నిలబడుతుంది. అది నిలబడి ఉన్నంతసేపు, వెనక వేరే ఎల్క్ లేనంతసేపు, దాని మీదే రెండో గుండు కాల్చండి. కనుమరుగైతే ఆ చోటు గుర్తు పెట్టుకుని అరగంట ఆగి వెళ్ళండి. పొట్టలో తగిలిందని తెలిస్తే గంటల తరబడి ఆగాలి.

సీసం బుల్లెట్ వాడితే కంటికి కనపడని ముక్కలు గాయానికి చాలా దూరం దాకా పోతాయి. కమిలిన మాంసం, దాని చుట్టూ చేయి వెడల్పున కోసి పారేయండి. కైమా కొట్టే మాంసంలోకి గాయం పక్క ముక్కలు రానివ్వకండి. చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంటికైతే రాగి బుల్లెట్టే కొనండి.

తిరుగు ప్రయాణంలో

అమెరికా లోపలి విమానాల్లో తూటాలు చెక్-ఇన్ సామానులోనే వెళ్ళాలి, పెట్టెలో గట్టిగా అమర్చి ఉండాలి. చాలా విమాన సంస్థలు 11 పౌండ్ల వరకే ఒప్పుకుంటాయి. రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో ఉండాలి, కౌంటర్ దగ్గర చెప్పి తీరాలి.

ఇండియాలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను నిషేధించింది, కాబట్టి ఇక్కడ రాసినదేదీ అక్కడ పనికిరాదు. కానీ ఒక్కటి మాత్రం అక్కడిదాకా వెంటపడుతుంది. వేటకు వాడిన బ్యాగు, జాకెట్టుతోనే సంక్రాంతికి హైదరాబాద్ వెళ్ళే అలవాటుంటే, వెళ్ళే ముందు రోజు ప్రతి జేబు, ప్రతి జిప్పు, లోపలి అస్తరు మడతలు తిరగేసి దులపండి. లైసెన్సు లేకుండా సామానులో ఒక్క తూటా కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, కావాలని తేలేదని నిరూపించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాలి. వేట బ్యాగు వేటకే ఉంచి, ఊరికి వేరే బ్యాగు కొనుక్కోండి.