ఇంట్ల పిల్లలతో ఆజ్ఞలు ఎట్ల చదవాలె: "ఇది ఎవర్ని కాపాడ్తది?"

కుటుంబ ప్రార్థనల బైబిల్ల ఉన్న పది ఆజ్ఞలు తీస్తే చాలు పెద్ద పిల్లలు ఫోన్ దిక్కు చూస్తరు, వాళ్లకు అది "చేయొద్దు, చేయొద్దు" అనే లిస్టు లెక్కనే వినబడ్తది. నాకైతే దేవుడు మనుషుల్ని ఎంత పట్టించుకుంటడో ఆజ్ఞలల్లనే బాగా కనబడ్తది, అందుకే పద్ధతి జర మార్చి చదవమని చెప్తున్న.

నిర్గమకాండము 20 తెరిస్తే సీదా మూడో వచనంకు పోవద్దు, రెండోది గట్టిగ చదవండి. ఐగుప్తుల, అంటే ఈజిప్టుల, బానిసలుగ ఉన్నోళ్లను బయటికి తెచ్చింది నేనే అని దేవుడు అక్కడ చెప్తడు. ముందు విడిపించిండు, తర్వాత ఆజ్ఞలిచ్చిండు. ఇవి పాటిస్తేనే విడిపిస్త అనలేదు. ఈ వరుస పట్టుబడకపోతే పిల్లలు మిగిలిందంతా భయంతోనే వింటరు.

తర్వాత ఒక్కటే ఆజ్ఞ తీసుకోని ఒక్కటే ప్రశ్న అడగండి: ఇది లేకపోతే దెబ్బ తినేదెవరు? మొదలువెట్టనీకి ద్వితీయోపదేశకాండము 22:8 మంచిది. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలె, ఎవరన్న కిందపడి చస్తే ఆ దోషం నీ ఇంటి మీదికొస్తది అని ఉంటది. వీలైతే డాబా ఎక్కించి అక్కడనే చదవండి, ఎండాకాలం మనం కూడా అక్కడనే పండుకుంటం కదా. ఇంటాయనకు తన డాబా అంచు ఎక్కడుందో తెలుసు, తెల్వనిది చుట్టానికి, పక్కింటి చిన్నపిల్లకు, అంటే ఖర్చు నాది, కాపాడేది వేరేటోళ్లను. నిర్గమకాండము 21:33 కూడా గిదే మాట, గొయ్యి తవ్వి మూయకపోతే అండ్ల పడ్డ ఎద్దుకు తవ్వినోడే జవాబు చెప్పాలె. ఫెయిలైన బోరుకు మూత పెట్టకుండ వదిలేస్తే ఏమైతదో మన దిక్కు ఎవ్వరికీ చెప్పనక్కర్లేదు.

కూలీ గురించి ద్వితీయోపదేశకాండము 24:15 చదవండి, ఏ రోజు కూలి ఆ రోజే పొద్దుగూకకముందే ఇయ్యాలె, ఎందుకంటే వాడు బీదోడు, దాని మీదనే ఆశ పెట్టుకున్నడు అని. మిర్చి ఏరనీకి, పత్తి తీయనీకి వచ్చినోళ్లకు "వరంగల్ ఎనుమాముల మార్కెట్ల పంట అమ్మినంక ఇస్త" అనే మాట మీ ఇంట్ల వినబడ్తే ఆ రోజు ప్రార్థన అక్కడనే ఆపి లెక్క చూసుకోండి.

"నీ తల్లిదండ్రులను సన్మానించుము" అనేదాన్ని మనం పోరగాళ్ల అల్లరి ఆపనీకే వాడుతం, నాకు ఇది సరిగ్గ అనిపియ్యదు. పెరిగిన కొడుకులు, బిడ్డలకు కూడా చెప్పిన మాట అది. దేవునికి అర్పితం అని పేరుపెట్టి తల్లిదండ్రులకు సాయం ఎగ్గొట్టేటోళ్లను యేసు మార్కు 7ల గట్టిగనే అడిగిండు. జగిత్యాల, కరీంనగర్ దిక్కు ఎందరో దుబాయ్ పోయిండ్రు, ఊర్ల బీపీ గోలీలు మింగుకుంట ఒక్కతే ఉన్న అవ్వను కాపాడే ఆజ్ఞ ఇదే.

కొన్ని జాగ్రత్తలు. ఆజ్ఞలు పాటిస్తే ఏ కష్టం రాదని పిల్లలకు మాటియ్యొద్దు, యోబు నీతిమంతుడే, అయినా పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్నడు. ప్రతి దానికీ హెల్త్ కారణం వెతకొద్దు, లేవీయకాండము 11ల తిండి నియమాలు చెప్పినంక చివరికి పరిశుద్ధత గురించే మాట్లాడ్తది. "ఇది నిన్ను కాపాడ్తది" అనుకుంట దెబ్బలు తింటున్న ఆడమనిషిని మళ్ల అదే ఇంటికి పంపొద్దు, కాపాడనీకి ఇచ్చిన మాటను అట్ల వాడుడు అన్యాయం.

ఇంకోటి, ధర్మశాస్త్రం, అంటే ఈ ఆజ్ఞలన్నీ, కాపలా కాస్తది గని రక్షణ ఇయ్యలేదు. అపొస్తలుడు పౌలు గలతీయులకు రాసిన పత్రిక 3:24ల దాన్ని బాలశిక్షకుడు అన్నడు, ఆ కాలంల పిల్లగాన్ని వెంటవెట్టుకోని, చూసుకుంట బడికి తీస్కపోయే దాసుడు ఉండేటోడు. అది క్రీస్తు దగ్గరికి తీస్కపోతది, అందుకే తప్పు దొరికినప్పుడు పిల్లల్ని సిగ్గుపడేటట్టు చేయకుండ ఆయన దగ్గర క్షమాపణ అడగమనండి.

ప్రార్థన అయినంక ఈ వారం ఎవరి కోసం ఏం చేద్దామో ఒక్క పని తేల్చుకోండి, అవ్వకు ఫోన్ అయినా సరే, ఆగిపోయిన కూలి పైసలైనా సరే. వచ్చే వారానికి లేవీయకాండము 19:14 పెట్టుకోండి, గుడ్డోని ముందట అడ్డం పెట్టొద్దని, అది చదివే ముందు మీ గేటు ముందట రోడ్డు మీద ఇసుక కుప్ప ఉంటే తీపియ్యండి.