విశాఖలో తక్కువ ఖర్చుతో ఇంజనీరింగ్, గణితం, సైన్స్: కళాశాల ఎంపికలో చూసుకోవలసినవి

కళాశాల ఫీజు ఎంత అని విచారించే ముందు, సీటు ఏ కోటాలో వస్తుందో తేల్చుకోవాలి. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు ఆధారంగా, ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలోను, మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలోను భర్తీ అవుతాయి. తరగతి గది, అధ్యాపకుడు, పట్టా అన్నీ ఒకటే అయినా ఖర్చు మాత్రం ఒకటి కాదు. అర్హత ఉన్నవారికి ప్రభుత్వమే ఫీజు భరించే రీయింబర్స్‌మెంట్ కూడా కన్వీనర్ సీటుకే వర్తిస్తుంది. కాబట్టి కౌన్సెలింగ్ మొదలవకముందే ఫోన్ చేసి, సీట్లు అయిపోతున్నాయని తొందరపెట్టేవారికి అడ్వాన్సు కట్టకూడదు. రుషికొండలోని గీతం డీమ్డ్ విశ్వవిద్యాలయం, అంటే విశ్వవిద్యాలయ హోదాతో స్వయంగా పట్టాలిచ్చే సంస్థ కనుక దాని ప్రవేశ పరీక్ష వేరు, ఫీజుల లెక్క వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ రెగ్యులర్ సీటుకు, ఖర్చంతా విద్యార్థుల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఫీజులో పెద్ద తేడా ఉంటుంది. పేరు చూసి కౌన్సెలింగ్‌లో ఆ కళాశాలకు ఆప్షన్ పెట్టేసి, తరువాత ఫీజు చూసి కంగుతినే కుటుంబాలు లేకపోలేదు.

అసలు లెక్క ట్యూషన్ ఫీజుతో తేలదు. పరీక్ష ఫీజులు, స్పెషల్ ఫీజులు, ప్లేస్‌మెంట్ శిక్షణ పేరిట వసూలు చేసే మొత్తం, బస్సు లేదా హాస్టల్ ఖర్చు, ఇవన్నీ కలిపి నాలుగేళ్లకు ఒక కాగితం మీద వేసుకోవాలి. ఇందులో మన నగరానికి బస్సు ఖర్చు చిన్నది కాదు. గాజువాకలో ఉండే విద్యార్థి దువ్వాడలోని విజ్ఞాన్ ఇంజనీరింగ్ కళాశాలను కాదని మధురవాడలోని గాయత్రికో, భీమిలి వైపు సంగివలసలో ఉన్న అనిట్స్‌కో వెళ్లాలనుకుంటే, ఆ దూరానికి తగిన మేలు అక్కడ ఉందో లేదో చూసుకోవాలి. రోజూ నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటడానికి డబ్బుతో పాటు చదువుకోవలసిన సాయంత్రాలు కూడా ఖర్చవుతాయి. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం నుంచి ఆలస్యంగా వచ్చిన సంవత్సరాల్లో కళాశాల ఎలా వ్యవహరించిందో, హాల్ టికెట్ ఇవ్వడానికి ముందు ఫీజు కట్టమని పట్టుబట్టిందో లేదో అక్కడ చదువుతున్న సీనియర్లను అడిగితేనే తెలుస్తుంది.

నాణ్యతను రెండు జాతీయ సంస్థలు మదింపు చేస్తాయి: న్యాక్ ఇచ్చే గ్రేడు కళాశాల మొత్తానికి సంబంధించినది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి ఇచ్చేది. మీరు కోరుకునే బ్రాంచికి ఆ గుర్తింపు ప్రస్తుతం అమల్లో ఉందా అన్నదే ముఖ్యం. ప్లేస్‌మెంట్ల ప్రకటనల్లో అత్యధిక జీతాన్ని పక్కన పెట్టి, మీ బ్రాంచిలో ఎంతమంది చేరితే ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో అడగండి. గత ఏడాది ఒక్కో కళాశాలలో, బ్రాంచిలో సీటు వచ్చిన చివరి ర్యాంకుల జాబితా దగ్గర పెట్టుకుంటే ఆప్షన్ల వరుస దానంతటదే తేలుతుంది.

గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మీద నిజమైన ఆసక్తి ఉన్న పిల్లలను అలవాటు కొద్దీ ఇంజనీరింగ్‌లో చేర్చడం నాకు సమంజసంగా తోచదు. మద్దిలపాలెంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల, విశాఖ ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల వంటి చోట్ల ఫీజు మధ్యతరగతికి భారం కాదు. సర్ సి.వి. రామన్ తండ్రి అధ్యాపకుడిగా పనిచేసిన మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల కూడా ఈ ఊరిదే. డిగ్రీ తరువాత రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాసి 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేయవచ్చు, ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష అయిన జామ్ రాసి ఐఐటీకి వెళ్లవచ్చు. అయితే ఈ దారిలో చేరేవారు ముందే ఒకటి గమనించాలి: డిగ్రీ కళాశాలలో ప్రయోగశాల నిజంగా నడుస్తోందా, ఎంచుకున్న మేజర్ సబ్జెక్టుకు శాశ్వత అధ్యాపకులు ఉన్నారా అన్నది స్వయంగా వెళ్లి చూడాలి. పదో తరగతితోనే ఖర్చు గురించి ఆలోచించేవారికి కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే మార్గం ఉంది.

ఇంజనీరింగ్‌లో చేరే ఆడపిల్లలు, కుటుంబ వార్షికాదాయం రూ. 8 లక్షలు మించకపోతే, సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే ఏడాదికి రూ. 50,000 వస్తుంది. దీనికైనా రీయింబర్స్‌మెంట్‌కైనా ఆదాయ ధ్రువపత్రం అవసరం. కౌన్సెలింగ్ రోజుల్లో వార్డు సచివాలయాల దగ్గర రద్దీ ఎక్కువగా ఉంటుంది కనుక ఆదాయ, కుల ధ్రువపత్రాలకు ఫలితాలు రాకముందే దరఖాస్తు పెట్టుకోవాలి.