వానకాలం దోమతెర ఒక్క దోమలకే కాదు

మాది హన్మకొండ శివారు. చుట్టూ ఖాళీ ప్లాట్లు, వాటి నిండా పిచ్చిచెట్లు. రెండు వానలు పడ్డాయంటే పాములు ఇంటిదాకా వస్తయి. గోడ పక్కన కట్టెలు, ఇటుకలు, పాత రేకులు కుప్పేస్తే వాటికి మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. వడ్ల బస్తాలుంటే ఎలుకలు, ఎలుకలుంటే పాములు.

అన్నిట్లో నాకు భయం కట్లపామంటేనే. నాగుపాము పడగెత్తుతది, రక్తపింజర బుస కొడుతది. కట్లపాము సప్పుడు చేయకుండా రాత్రిపూట కింద పడుకున్నోళ్ల పక్కలోకి వస్తది. కరిచినా పెద్దగా నొప్పి, వాపు ఉండవు. చీమ కుట్టిందేమో అనుకొని మళ్లీ నిద్రపోతరు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవుడు, మాట తడబడుడు.

అందుకే మంచం మీద పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి గట్టిగా దోపండి. కింద పడుకోక తప్పకపోతే తెర ఇంకా ముఖ్యం. రాత్రి బయటికి పోతే టార్చి, కాళ్లకు చెప్పులు. పొద్దున బూట్లు దులిపి తొడగండి.

కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పసరు మందు, మంత్రం అంటూ తిరిగితే విలువైన గంటలు పోతయి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ దవాఖానలోనే ఉంటది. పామును చంపి తీసుకపోవాల్సిన పని లేదు. దాని వెంటపడితే ఇంకొకరిని కరుస్తది. డాక్టర్లు లక్షణాలు చూసే మందిస్తరు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు.

జెర్రిపోతు కనబడితే మాత్రం కర్ర ఎత్తకండి. దానికి విషం లేదు, పైగా ఎలుకల్ని తింటది.